ఎర్ర గీత మీద ఎడమ చెయ్యి

పోయిన వారం మనం కుట్టు టీచరుగారి అన్నయ్యని గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఒక చేతిలో తాళ్ళచుట్ట, రెండో చంకలో పాత దుప్పట్లు. వీధిలో వ్యాను, వ్యాన్లో పేపరు చదువుకుంటున్న డ్రైవరు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, మాటా పోగొట్టుకున్న బావగారి డ్రమ్ములు కట్టి పట్టుకుపోదామని వచ్చాడాయన. ఇరవై అయిదేళ్ళు తన పాటల బృందానికి దరువేసిన బావ. వీధి వీధంతా ఆయన్ని దరువాయన అనే అంటుంది. అసలు పేరు ఆస్పత్రి చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

చెల్లెలు ఏడుస్తుందనో, తలుపు మొహాన వేస్తుందనో అన్నయ్య బిక్కుబిక్కుమంటున్నాడు. ఆమె ఆ రెండూ చెయ్యలేదు.

“లోపలికి రా అన్నయ్యా. నువ్వక్కడ నిలబడితే డ్రమ్ములు నడిచి రావు కదా” అంది.

ముందుగదిలో కిటికీ పక్కన చేతుల కుర్చీలో దరువాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చెక్క, చెక్క మీద చిన్న కీబోర్డు. బావమరిది చేతిలో తాళ్ళు చూశాడు, తర్వాత మూలనున్న డ్రమ్ముల వంక చూశాడు, తర్వాత మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. జబ్బు చేసిన దగ్గర్నించీ ఆయనకి మిగిలినవి రెండే మాటలు, ‘ఊఁ’, ‘కాదు’.

అన్నయ్య చెప్పాల్సిందంతా నిలబడే చెప్పేశాడు. బృందం పెట్టి పాతికేళ్ళయిన సందర్భానికి కట్టిన పాట రేపు మధ్యాహ్నంలోగా రేడియో వాళ్ళకి పంపాలి. బావ కోలుకుంటాడని నెలల తరబడి ఆపాడు, ఇక ఆపలేడు. కొత్త డ్రమ్మరు కంప్యూటరుకి తగిలించే తన డ్రమ్ము పలకలు పట్టుకుని నాలుగింటికి ఇక్కడికే వస్తాడు, ఎందుకంటే రికార్డు చేసే కంప్యూటరు ఈ ఇంట్లోనే ఉంది. వచ్చే వారం నుంచి ప్రోగ్రాములకీ అతనే. డ్రమ్ములు బృందానివి కాబట్టి ఇవాళే రిహార్సలు గదికి చేర్చాలి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే టీచరుకి బాధ. తప్పుంటే దెబ్బలాడి ఉండేది.

అక్కడితో ఆగినా బాగుండేది. “కోడలు ఆఫీసులో ఉంటుంది కదా, పాటకి కావలసిన వరసలు నువ్వే పెట్టి ఉంచమ్మా, రోజూ ఆ కంప్యూటరు ముందు కూర్చునేదానివేగా” అని కూడా అన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. కానీ అన్నయ్యకి ఆ సంగతి తోచనే లేదు. మంచివాళ్ళకి ఇలాంటివి తోచవు.

ఆ వరసల సంగతి కాస్త చెప్పుకుంటే గాని ఇవాళ్టి కథ నడవదు. కోడలు బడిపిల్లల పాఠాలు రికార్డు చేసే ఆఫీసులో పనిచేస్తుంది. కంప్యూటరూ, అందులోని సంగీతం సాఫ్ట్‌వేరూ ఆ అమ్మాయివే. తెర మీద ఒక్కో వాయిద్యానికి ఒక్కో అడ్డ వరస. వాళ్ళు దాన్ని ఛానెల్ అంటారు. ఫిడేలుకొకటి, వేణువుకొకటి, పియానోకొకటి, డ్రమ్ములకొకటి. మావయ్య వేళ్ళు ఆడుతూ ఉండాలని డాక్టరు చెప్పిన వారంలోనే కోడలు ఆ చిన్న కీబోర్డు తెచ్చి కంప్యూటరుకి తగిలించింది. కీబోర్డంటే పియానోయే కదా అని పియానో వరస పెట్టి, దానికి నీలం రంగు వేసింది.

అప్పట్నించీ రోజూ టీచరు ఒంటిగంటన్నరకి కుట్టు సెంటరుకి వెళ్ళేది, దరువాయన ఎడమచేత్తో రికార్డు బొత్తం నొక్కుకుని కీబోర్డు మీద ఏదో వాయించేవాడు. సాయంత్రం ఆమె వచ్చేసరికి తెర మీద ఒక ముక్క తయారై ఉండేది. దాన్ని మౌసుతో లాగి నీలం వరసలో పెట్టి, కాస్త విని, దాచేది. అలా నలభై అయిదు దాచింది. వినడం మటుకు కష్టంగా ఉండేది. కింది మెట్లు నాలుగైదు, అవే మళ్ళీ మళ్ళీ, గుర్రు గుర్రుమంటూ, రాగమూ లేదు, తలా తోకా లేదు. మొదటిరోజు హెడ్‌ఫోన్లలో ఆ చప్పుడు విని ఆయనే వాటిని గోడకేసి కొట్టాడు. పియానో నచ్చలేదేమోనని కోడలు వేణువుకి మార్చింది. ఈసారి హెడ్‌ఫోన్లు కిటికీలోంచి వీధిలో పడ్డాయి. తన చేతకానితనం మీద తనకే కోపమొస్తోందని అందరూ జాలిపడ్డారు. కోడలు మళ్ళీ పియానోకే మార్చేసింది. ఆ తర్వాత ఆయన చెవులకి ఏమీ పెట్టుకోకుండా, ఏమీ వినకుండానే వాయించుకునేవాడు.

పోయిన నెల అన్నయ్య ఒక ముక్క పూర్తిగా విన్నాడు. విని, వంటింట్లోకి వచ్చి, కళ్ళు తుడుచుకుని, “బావ బుర్రలో పాట మిగల్లేదమ్మా” అన్నాడు. ఆ ఒక్క మాటా టీచరు లోపల ముల్లులా ఉండిపోయింది. నడక లేకపోయినా సరే, మాట లేకపోయినా సరే. ఆయన బుర్రలో దరువు లేకపోతే మాత్రం ఆ కుర్చీలో ఉన్నది ఎవరో ఆమెకి తెలియదు.

సరే, అన్నయ్య డ్రమ్ముల దగ్గర చతికిలబడి తాళ్ళు విప్పాడు. టీచరు ఆ పూట సెంటరుకి సెలవు పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుంది. పక్కన కోడలు పొద్దున్నే రాసిపెట్టి వెళ్ళిన కాగితం. మొదట కూడిక గుర్తు నొక్కాలి. వాయిద్యమా, డ్రమ్ములా అని అడుగుతుంది, కావలసింది ఎంచుకోవాలి. పేరు రాయాలి, రంగు పెట్టాలి. టీచరు ఫిడేలు పెట్టింది, వేణువు పెట్టింది. ఒక్కోదానికీ కీబోర్డు మెట్టు నొక్కి పలుకుతోందో లేదో చూసుకుంది. దారపు ఉండలు అరలో సర్దుకున్నట్టే ఉంది పని, మామూలు రోజైతే సరదాగానే ఉండేది. ఆఖరికి డ్రమ్ముల వరస మిగిలింది. ‘డ్రమ్ములకి ఎరుపు పెట్టండి అత్తయ్యా, అందరికంటే గట్టిగా అరిచేవి అవే కదా’ అని కాగితం మీద నవ్వు బొమ్మతో సహా రాసి ఉంది. పెట్టింది. మొగుడి పీట తన చేత్తోనే ఇంకొకరికి వాల్చినట్టనిపించి ఆమెకి కళ్ళు మసకబారాయి.

ఇక మిగిలింది నిన్నటి ముక్క. నిన్న తలనొప్పితో దాచకుండా పడుకుంది. కొత్త పాట మొదలుపెట్టే ముందు దాన్ని దాని వరసలో పెట్టెయ్యాలి.

ఇక్కడ ఆ ఇంటి అలవాటొకటి చెప్పాలి. బృందంలో ఆరుగురికీ ఒకే రకం తెల్ల చొక్కాలు. ప్రోగ్రాము అవగానే అన్నీ ఒకే మూటగా చాకిరేవుకి వెళ్ళి, ఒకే మూటగా వచ్చేవి. ఎవరి చొక్కా ఎవరిదో తెలియక అన్నయ్య ఒకసారి ఫ్లూటు ఆయన చొక్కా తొడుక్కుని, గుండీలు పట్టక, పాట మొత్తం చేతులు కట్టుకునే పాడాడు. ఆ మర్నాటి నుంచి టీచరు తన భర్త చొక్కా కాలరు లోపల ఎర్రదారంతో ఒక కుట్టు వేసింది. తర్వాత తువ్వాలుకి వేసింది, దుప్పటికి వేసింది, ఇప్పుడు మందుల సంచికి కూడా వేసింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎరుపంటే ఆయనది. కోడలు ఆయనకి నీలం ఇస్తే ఇచ్చింది గాని, టీచరు చేతికి ఆ సంగతి ఎప్పుడూ పూర్తిగా ఎక్కలేదు. ఇన్నాళ్ళూ తెర మీద ఒక్క వరసే ఉంది కాబట్టి సరిపోయింది. ఇవాళ నాలుగు వరసలున్నాయి. మసకబారిన కళ్ళతో ఆమె మౌసు పట్టుకుని, ఆయన ముక్కని తీసుకెళ్ళి ఎర్ర గీత మీద పెట్టింది. పెట్టి, అలవాటు ప్రకారం మోగించే బొత్తం నొక్కింది.

దబ్. టక్. దబ్దబ్ టక్.

పెద్ద డ్రమ్ముకి దుప్పటి చుడుతున్న అన్నయ్య చేతులు ఆగిపోయాయి. మూలనున్న డ్రమ్ములు వాటంతట అవే మోగాయనుకున్నాడట, తర్వాత చెప్పాడు. టీచరు ఏదో పాడుచేశాననుకుంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి మటుకు మెల్లిగా, మెడ నొప్పెడుతున్నా సరే, ఇటు తిరిగాడు. దరువు సాగిపోతోంది. కింద పెద్ద డ్రమ్ము, మధ్య చిన్న డ్రమ్ము, పైన సన్నగా తాళం, ఒకదాని వెనక ఒకటి, తూచినట్టు.

ఆమె కంగారుగా ఆపేసి కోడలికి ఫోన్ చేసింది. ఏ వరసలో పెట్టావని కోడలు అడిగితే ఎర్ర దాంట్లో అంది. దానికి ఆ అమ్మాయి చెప్పింది టీచరుకి వెంటనే అర్థమైంది, ఎందుకంటే అది ఆమె పనిలాంటిదే. కంప్యూటరు చప్పుడు దాచదట. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారన్నదే దాస్తుందట. అంటే అది గుడ్డ కాదు, గుడ్డ కత్తిరించడానికి పెట్టుకునే కాగితం కొలత. అదే కొలత పియానో వరసలో పెడితే పియానో మోగుతుంది, డ్రమ్ముల వరసలో పెడితే డ్రమ్ములు మోగుతాయి. డ్రమ్ముల వరసలో ఒక్కో మెట్టూ ఒక్కో డ్రమ్ము.

“అత్తయ్యా, మావయ్య ఒక్కరోజు కూడా పియానో వాయించలేదు. డ్రమ్ములే వాయించారు. నేనే ఆయన్ని తప్పు వరసలో కూర్చోబెట్టాను” అంది కోడలు. “ఆరు వారాల పైనే. నన్ను తిట్టండి అత్తయ్యా.”

“నిన్నెందుకు తిడతానే పిచ్చిదానా. ఆ కీబోర్డు తెచ్చిపెట్టింది ఎవరు? నువ్వు తేకపోతే ఈ నలభై ఆరూ ఎక్కడ దాక్కుని ఉండేవి?” అంది టీచరు. నీ మేలు మరిచిపోనని కూడా అని పెట్టేసింది. అత్త నోట ఆ మాట విని అవతల కోడలు కంగారుపడి ఉంటుంది.

మెట్లకి డ్రమ్ములుంటాయని బావకెలా తెలుసునని అన్నయ్య కాసేపు బుర్ర గోక్కుని, తనే జవాబు వెతుక్కున్నాడు. పదేళ్ళ కిందట ఒక స్టూడియోలో వరసగా పాటలు చేశారు. అక్కడ డ్రమ్ములు కొట్టనిచ్చేవాళ్ళు కాదు, పక్కవాటాల వాళ్ళు గొడవపడతారని. దరువు వాళ్ళని పొద్దున్నే పిలిచి, కీబోర్డు మెట్ల మీద వేళ్ళతో వాయించి పెట్టించుకునేవాళ్ళట. మిగతా బృందం కాఫీలు తాగి తీరిగ్గా వెళ్ళేసరికి దరువు తయారుగా ఉండేది. ఎలా తయారైందని ఎవరూ అడగలేదు. అన్నయ్య కూడా అడగలేదు.

“మళ్ళీ పెట్టమ్మా” అన్నాడు.

పెట్టింది. అన్నయ్య నాలుగు దెబ్బలు విని, అది తమ పాతికేళ్ళ పాటేనని పోల్చుకున్నాడు. బావ జబ్బుపడక ముందు నాలుగుసార్లు రిహార్సలు చేశారు, అంతే. డ్రమ్ము మీద చెయ్యి ఆనించి, కూర్చున్నచోటే పల్లవి అందుకున్నాడు. నాలుగో చుట్టు చివర, చరణం ఎత్తుకునే ముందు, దరువు ఒక్క దెబ్బ మానేసింది. అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. చరణంలో ఆ పొడుగాటి మొదటి వాక్యం ఎక్కడా తెగకుండా అలవోకగా సాగిపోయింది.

పాట మధ్యలోనే ఆయన ఆపేశాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు, మళ్ళీ పాడాడు. అక్కడే ఖాళీ, అక్కడే ఊపిరి. మూడోసారి పాడలేదు. ఖాళీ వచ్చే చోట వేలెత్తి చూపించి, అలాగే వేలెత్తుకుని ఉండిపోయాడు.

పదిహేను రోజులుగా కొత్త డ్రమ్మరుతో రిహార్సలు చేస్తున్నాడాయన. అతను మంచి వాయింపుగాడే, ఒక్క దెబ్బ వదలడు. కానీ చరణం దగ్గరికొచ్చేసరికి అన్నయ్యకి ఆయాసం. వయసైపోయిందనుకున్నాడు. ఆ చరణం తీసేద్దామని కూడా నిన్ననే అనుకున్నాడు. చిన్నప్పట్నించీ ఉన్న ఉబ్బసం ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదని, అయినా పాతికేళ్ళు స్టేజీ మీద దాన్ని జయించానని ఆయనకి లోపల్లోపల చిన్న గర్వం కూడా ఉండేది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మరి.

“ప్రతి పాటలోనూనా, బావా?” అని అడిగాడు.

“ఊఁ” అన్నాడు దరువాయన.

“పాతికేళ్ళూనా?”

“ఊఁ.”

“ఒక్కసారైనా చెప్పలేదేం?”

దరువాయన సగం నోటితో నవ్వాడు. పక్షవాతం లేని రోజుల్లో అడిగినా అంతకంటే చెప్పేవాడు కాదేమో. అన్నయ్య లేచి వెళ్ళి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆ ఎడమ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. “నేను పాడానని అందరూ అంటారు. నువ్వు పాడనిచ్చావు” అన్నాడు. “నీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీదు బావా. నీ బుర్రలో పాట లేదన్నాను నేను. ఈ నోటితోనే అన్నాను.”

“కాదు” అన్నాడు దరువాయన. ఆ మాట దేనికి జవాబో అన్నయ్యకి తెలిసింది, టీచరుకీ తెలిసింది. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఏడు నెలల్లో మొదటిసారి, హాయిగా ఏడ్చింది. ఎవరికని మొక్కుకోవాలో తెలియక మౌసుకి కూడా ఒక దణ్ణం పెట్టింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. అన్నయ్య దుప్పట్లు విప్పి డ్రమ్ములు ఎక్కడివక్కడ పెట్టాడు, తాళం పళ్ళెం తలకిందులుగా బిగించి బావ చేత ‘కాదు’ అనిపించుకుని సరిగ్గా బిగించాడు. కొత్త డ్రమ్మరుకి ఫోన్ చేసి, ఈ పాటకి దరువు ఇప్పటికే అయిపోయిందని, ప్రోగ్రాముల సంగతి అందరం కూర్చుని మాట్లాడుకుందామని మర్యాదగా చెప్పాడు. వీధిలో డ్రైవరు పేపరు రెండోసారి మొదలుపెట్టాడు. ఖాళీ వ్యానుతో వెళ్ళమంటే అతను నమ్మలేక, లోపలికి తొంగిచూసి మరీ వెళ్ళాడు.

ఇక నలభై ఆరు ముక్కల్లో రేపటికి పంపేది ఎంచుకోవాలి. టీచరు ఒక్కోదాన్నీ నీలంలోంచి ఎర్రలోకి మారుస్తూ పోయింది. మొదటి వారం ముక్కల్లో చెయ్యి తడబడుతోంది. మూడో వారానికి కుదురుకుంది. వింటూ ఉంటే ఆయన రోజురోజుకీ మెరుగవడం తెలుస్తూనే ఉంది. అన్నాళ్ళూ పక్కనే ఉండి తను చూడలేకపోయింది. అన్నిటికంటే బాగున్నది నిన్నటిదే అని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఒక్కటే తేడా. నిన్నటి దాంట్లో చరణం వచ్చాక, పెద్ద డ్రమ్ముతో పాటే ఒక చిన్న గంట కూడా మోగుతోంది.

“బావ ఎప్పుడూ గంట వాడలేదే” అన్నాడు అన్నయ్య.

టీచరు తెర మీద ఆ చోటు పెద్దది చేసి చూసింది. ఎడమ అంచున కీబోర్డు మెట్లు నిలువుగా గీసి ఉంటాయి, నొక్కిన చోటల్లా ఒక చుక్క. పెద్ద డ్రమ్ము చుక్క అట్టడుగున ఉంది. గంట చుక్క ఎక్కడో పైన. రెండూ ఒకే క్షణంలో పడ్డాయి, ఒకసారి కాదు, ఎనిమిది సార్లు. ముప్పై ఏళ్ళు కొలతలు తీసిన మనిషి ఆమె. లేచి వెళ్ళి భర్త ఒళ్ళోని కీబోర్డు మీద బొటనవేలు పెద్ద డ్రమ్ము మెట్టున ఆనించి, జాన చాచింది. గంట మెట్టుకి ఇంకా నాలుగు మెట్లు మిగిలాయి. ఆయన చెయ్యి తన చేతికంటే పెద్దదే, అయినా అందదు. కుడి చెయ్యి ఎప్పట్లాగే దిండు మీద కదలకుండా ఉంది.

అప్పుడు ఆమెకి వంటింటి గట్టు గుర్తొచ్చింది. ఈ మధ్య సాయంత్రం వచ్చేసరికి అక్కడ కడిగి బోర్లించిన గ్లాసులు రెండు ఉంటున్నాయి. తనే ఒకటి మరిచిపోయి ఉంటాననుకుంటూ వచ్చింది.

“ఏమండీ, మధ్యాహ్నాలు మీ పక్కన ఎవరు కూర్చుంటున్నారు?” అని అడిగింది.

దరువాయన గోడ గడియారం వంక చూశాడు. ఒంటిగంటా యాభై. మామూలుగా అయితే ఈపాటికి టీచరు వెళ్ళిపోయి ఇరవై నిమిషాలయ్యేది. ఆయన కళ్ళు గడియారం మీంచి తలుపు మీదకి వెళ్ళి అక్కడే ఆగాయి.

తామంతా ఆయన పని అయిపోయిందని జాలిపడుతూ కూర్చున్న రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి ఆయన వాయింపు చూశారన్నమాట. చప్పుడు లేని ఆ మెట్ల మీద వేళ్ళు చూసే దరువు పోల్చుకుని, పక్కన కూర్చుని, గంట కలిపారన్నమాట. అంతటివాళ్ళు ఎవరో టీచరుకి అంతు చిక్కలేదు. అన్నయ్య మొహంలో మటుకు ఏదో అనుమానం మెదిలింది.

వీధిగేటు గడియ చప్పుడయింది. అడుగులు మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చాయి. వచ్చినవాళ్ళు బెల్లు కొట్టలేదు. తలుపు మీద వేళ్ళతో మూడుసార్లు తట్టి, నాలుగోది వదిలేశారు.

దరువాయన ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద ఆ నాలుగో దెబ్బ వేశాడు.

“తియ్యకమ్మా, ఒక్క నిమిషం ఆగు” అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. కానీ టీచరు అప్పటికే లేచింది. ఎవరైతేనేం, ముందు రెండు చేతులూ పట్టుకుని మీ మేలు మరిచిపోనని చెప్పాలి, పేరు తర్వాత అడగొచ్చు అనుకుంటూ ఆమె గడియ తీసింది.